వేలం నిర్వహణ: అభ్యసించవలసిన విద్య

పసుపు పంట చేతికి రావడానికి సుమారు తొమ్మిది నెలలు పడుతుంది. దుంప నాటింది మొదలు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి, బస్తాలకెత్తేవరకు రైతు కుటుంబమంతా శ్రమిస్తుంది. ఆ శ్రమకు వెల కట్టే ఘట్టం మాత్రం మార్కెట్టు యార్డులో కొద్ది క్షణాలలో ముగుస్తుంది. వేలందారు లాటు ముందు నిలుస్తాడు. వ్యాపారులు చుట్టూ చేరి కొమ్ములు విరిచి చూస్తారు. ధర పలుకుతుంది, పెరుగుతుంది, ఒకచోట ఆగుతుంది. "మూడోసారి" అన్న మాటతో సరుకు యజమాని మారుతాడు. రైతు తీర్చవలసిన పంట రుణం, పిల్లల చదువు, వచ్చే ఏటి విత్తనం అన్నీ ఆ ఒక్క మాటపై ఆధారపడి ఉంటాయి.

ఇంతటి బాధ్యతను వహించే వేలందారు పనిని చాలామంది కేవలం గొంతుకు సంబంధించినదిగా భావిస్తారు. గట్టిగా, వేగంగా అరవగలిగితే చాలునన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. వాస్తవానికి ఈ పనిలో గొంతుకున్న స్థానం స్వల్పం. సరుకు పరిజ్ఞానం, అంకెలపై పట్టు, చురుకైన చూపు, చట్టపు అవగాహన, వీటన్నిటికీ మించి ఇరుపక్షాల విశ్వాసం ఉన్నప్పుడే వేలం సక్రమంగా సాగుతుంది. మార్కెట్టు కమిటీలలో, సహకార సంఘాలలో, కమీషన్ దుకాణాలలో ఈ పని చేపట్టదలచిన యువకులకు, తమ సరుకును వేలానికి తెచ్చే రైతు సోదరులకు కూడ ఈ విద్య మెళకువలు తెలిసి ఉండడం అవసరం.

తువాలు చాటు బేరం నుండి బహిరంగ పాట వరకు

బహిరంగ వేలం విలువ గ్రహించాలంటే అది లేని రోజులను ఒకసారి స్మరించుకోవాలి. పూర్వం అనేక సంతలలో ధర నిర్ణయం తువాలు చాటున జరిగేది. దళారి, వ్యాపారి ఒకే గుడ్డ క్రింద చేతులు కలిపి, వ్రేళ్ళు నొక్కి ధర తెలుపుకొనేవారు. ప్రక్కనే నిలిచి ఉన్న రైతుకు తన సరుకు ఏ ధరకు పోయినదీ, అంతకు మించి ఇవ్వజూపినవారు ఉన్నారో లేదో తెలిసే అవకాశం ఉండేది కాదు. 1928లో నివేదిక సమర్పించిన రాయల్ వ్యవసాయ కమిషన్ ఇటువంటి లోపాలను పరిశీలించి, నియంత్రిత మార్కెట్లు నెలకొల్పవలసిందిగా సిఫారసు చేసింది. హైదరాబాదు సంస్థానంలో 1930లోను, మద్రాసు రాష్ట్రంలో 1933లోను మార్కెట్టు చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట 1966లో రాష్ట్రమంతటికీ వర్తించే మార్కెట్ల చట్టం అమలులోకి వచ్చింది.

పొగాకు రైతుల అనుభవం ఇంకా సమీపకాలానికి చెందినది. వర్జీనియా పొగాకును రైతులు నేరుగా వ్యాపారులకు అమ్ముకొన్న కాలంలో ధర విషయంలో అనిశ్చితి, సొమ్ము చెల్లింపులో జాప్యం సాధారణమై ఉండేవి. 1975 నాటి చట్టం క్రింద ఏర్పడి, గుంటూరు ప్రధాన కార్యాలయంగా పనిచేస్తున్న పొగాకు బోర్డు, 1984లో కర్ణాటకలోను, 1985లో ఆంధ్రప్రదేశ్‌లోను వేలం కేంద్రాలను ప్రారంభించింది. ఒంగోలు, టంగుటూరు, కందుకూరు, దేవరపల్లి, జంగారెడ్డిగూడెం వంటి కేంద్రాలలో బేళ్ళు వరుసగా పేర్చేవారు. వేలందారు ఆ వరుస వెంట నడుస్తూ ధర పలికేవాడు. కొనుగోలుదారులు అతని వెంటే కదులుతూ సైగలతో పాట పెంచేవారు. ధర, కొన్నవారి పేరు అక్కడికక్కడే చీటీపై నమోదయ్యేవి. అమ్మకపు సొమ్ము బ్యాంకు ద్వారా చేరే ఏర్పాటు ఉండడం వలన రుణ వసూలు కూడ సులభమయింది. ఆ తరువాత కాలంలో గొంతు స్థానాన్ని ఎలక్ట్రానిక్ పరికరం ఆక్రమించినప్పటికీ, అందరి ఎదుట, పోటీలో ధర తేలడమనే మూలసూత్రం మారలేదు.

పాట మొదలు కాకముందే పని మొదలవుతుంది

అనుభవజ్ఞుడైన వేలందారు పాట ప్రారంభానికి కనీసం గంట ముందు యార్డుకు చేరుకొంటాడు. లాట్ల వెంట ఒకసారి తిరిగి సరుకును స్వయంగా పరిశీలిస్తాడు. పసుపులో కొమ్ము వేరు, కాయ వేరు. మిరపలో నాణ్యమైన కాయ వేరు, తాలు వేరు. బెల్లంలో రంగును బట్టి ధర మారుతుంది. తేమ ఎంత ఉన్నది, మట్టి, చెత్త ఏ మేరకు కలిసినది, పై బస్తాలోని సరుకు, అడుగు బస్తాలోని సరుకు ఒకే తీరుగా ఉన్నవా అన్నది చూడాలి. నాణ్యత కలగలిసిన లాటుకు వ్యాపారులు అందులోని తక్కువ రకాన్ని దృష్టిలో ఉంచుకొనే ధర చెబుతారు. కాబట్టి సరుకును రకాలవారీగా వేరుచేసి పెట్టమని రైతుకు ముందే సలహా ఇవ్వడం వేలందారు చేయగల మొదటి మేలు.

రెండవది ప్రారంభ ధర. గ్రామ పంచాయతీలు సంత ఆశీలును, చెరువులో చేపల హక్కును వేలం వేసేటప్పుడు "సర్కారు వారి పాట" ఇంత అని మొదట ప్రకటించడం మనకు పరిచితమే. అది మరీ ఎక్కువైతే ఎవరూ నోరు విప్పరు. మరీ తక్కువైతే ఎక్కువ సమయం వృథా అవుతుంది, సరుకు నాసిరకమన్న అనుమానం కూడ కలుగుతుంది. నిన్నటి ధర, ఇరుగుపొరుగు మార్కెట్ల ధర, ఈనాటి రాబడి, వచ్చిన కొనుగోలుదారుల సంఖ్య తెలుసుకొని, ఆశించిన ధరకు కొంచెం దిగువన పాట ప్రారంభించడం మేలు. ముందుగా ఒకరిద్దరు పలికితే తక్కినవారికి ధైర్యం కలుగుతుంది.

అంకెల మీద అధికారం

వేలందారుకు లెక్క నాలుక చివర ఉండాలి. అయిదు, పది, ఇరవై అయిదు, యాభై, నూరు చొప్పున పైకీ క్రిందికీ తడబాటు లేకుండ లెక్కించడం తొలి అభ్యాసం. ప్రతిరోజు ఉదయం పావుగంట సేపు అయిదువేల నుండి పదివేల వరకు యాభైల చొప్పున ఎక్కుతూ, మళ్ళీ దిగుతూ వల్లించాలి. వారం గడిచేసరికి నాలుక తిరుగుతుంది, నెల గడిచేసరికి ఆలోచన అవసరం లేకుండ తరువాతి అంక వస్తుంది.

మన భాషలో కొన్ని అంకెలు వినికిడిలో పొరపాటుకు తావిస్తాయి. సందడిలో "ఇరవై", "అరవై" ఒకటిగా వినిపించవచ్చు. "డెబ్బై", "తొంబై" కూడ అంతే. పొరుగు రాష్ట్రాల వ్యాపారులు వచ్చే యార్డులలో హిందీ అంకెలు కూడ వాడవలసి వస్తుంది. అక్కడ "సాత్" అనగా ఏడు, "సాఠ్" అనగా అరవై. ఇటువంటి జంట పదాల మొదటి అక్షరాన్ని ఒత్తి పలకడం, వెంటనే వ్రేళ్ళతో కూడ చూపడం అలవాటు చేసుకోవాలి. పాట మొదట, వేయి మారినప్పుడు, ముగింపున పూర్తి ధరను చెప్పాలి. మధ్యలో మారే భాగం మాత్రం చెబితే చాలును. ధర క్వింటాలుకా, బస్తాకా, పెట్టెకా అన్నది ప్రతి లాటుకూ స్పష్టం చేయాలి. తగాదాలలో అధిక భాగం ఈ చిన్న మాట విడిచిపెట్టడం వల్లనే తలెత్తుతాయి.

పాట పెంచే మెట్టును ఎప్పుడు మార్చాలో గ్రహించడం ఈ విద్యలోని ఆయువుపట్టు. ఉదాహరణకు ఇరవై క్వింటాళ్ళ పసుపు లాటు వేలానికి వచ్చినదనుకుందాం. క్వింటాలు 9,000 రూపాయల వద్ద పాట మొదలై, నూరేసి రూపాయల చొప్పున 9,800 వరకు చేరి ఆగింది. అనుభవం లేని వేలందారు తొందరపడి "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని ఒక్క ఊపిరిలో ముగించివేస్తాడు. నేర్పరి మాత్రం ఒక్క క్షణం ఆగుతాడు. వెనుక వరుసలో ఒక వ్యాపారి ఇంకా కొమ్మును చేతిలో త్రిప్పుతూనే ఉన్నాడని గమనిస్తాడు. అతనికి నూరు రూపాయల మెట్టు బరువుగా తోచి ఉండవచ్చు. వేలందారు మెట్టును యాభైకి తగ్గించి, అతని వైపు చూస్తూ "ఎనిమిది వందల యాభై?" అని అడుగుతాడు. తల ఊగుతుంది. మొదటివాడు మళ్ళీ కదులుతాడు. ఈ విధంగా పాట 10,050 వరకు వెళ్ళినదనుకుంటే, క్వింటాలుకు 250 రూపాయల చొప్పున ఆ లాటుపై రైతుకు 5,000 రూపాయలు అదనంగా లభించినట్లు. లక్ష రూపాయల పంట రుణంపై సాలుకు 7 శాతం చొప్పున తొమ్మిది నెలలకయ్యే వడ్డీ 5,250 రూపాయలు. అనగా వేలందారు ఓపికపట్టిన ఆ కొద్ది క్షణాలు రైతుకు దాదాపు తొమ్మిది నెలల వడ్డీ భారాన్ని తగ్గించగలవు. తొందరపాటు వలన కలిగే నష్టం కూడ అంతే.

గొంతు, చూపు, అభ్యాసం

గొంతు విషయంలో గుర్తుంచుకోవలసింది శబ్దం కన్నా స్పష్టత ముఖ్యమని. కంఠంతో అరిచేవాడు రెండు గంటలలో అలసిపోతాడు. పొట్ట నుండి శ్వాస తీసి పలికేవాడు ఉదయం నుండి మధ్యాహ్నం వరకు నడపగలడు. గోరువెచ్చని నీరు కొద్దికొద్దిగా త్రాగుతుండాలి. మిరప, పసుపు యార్డులలో ఘాటు, ధూళి అధికం కనుక లాట్ల నడుమ నోటికి గుడ్డ అడ్డుపెట్టుకోవడం మంచిది.

అమెరికాలో పశువుల, పొగాకు వేలాలు నిర్వహించేవారు అంకెల మధ్య చిన్న మాటలు జోడించి, పాట వంటి లయలో అతివేగంగా పలుకుతారు. అక్కడ ఇందుకు ప్రత్యేక పాఠశాలలే ఉన్నాయి. మిస్సోరీ రాష్ట్రంలోని పాఠశాల 1905లో స్థాపితమైనది. నాలుక తిరగని వాక్యాలు వల్లించడం, అంకెలు ఎక్కి దిగడం అక్కడి తొలి పాఠాలు. మన యార్డులలో ఈ విద్య ఎక్కువగా పెద్దల వెంట ఉండి నేర్చుకొనేదే. ఈ క్రింది క్రమం పాటించినవారు తొందరలో పనిమంతులవుతారు.

1. మొదటి సీజనులో లాటు చీటీలు వ్రాసే పని చేపట్టాలి. ధర, తూకం, కొన్నవారి పేరు తప్పులేకుండ నమోదు చేయడం వలన వేలం మొత్తం క్రమం అర్థమవుతుంది.

2. ఆ కాలంలోనే ప్రతి లాటుకు పాట ముగియకముందే ధరను మనసులో అంచనా వేసుకొని, పలికిన ధరతో పోల్చుకోవాలి. అంచనాకు, ధరకు మధ్య తేడా తగ్గుతున్నకొద్దీ సరుకు పరిజ్ఞానం పెరుగుతున్నట్లు.

3. ఇంటివద్ద నలుగురైదుగురు మిత్రులను కూర్చోబెట్టి కూరగాయల గంపతో ఉత్తుత్తి వేలం నడపాలి. వారిలో ఇద్దరిని మాట పలుకకుండ సైగలతోనే పాట పాడమనాలి. చూపుకు ఇంతకన్నా మంచి శిక్షణ లేదు.

4. తన పాటను ఫోనులో ముద్రించి వినాలి. ఎక్కడ అంక తడబడినదీ, ఎక్కడ తొందరపడినదీ తన చెవికే తెలుస్తుంది.

5. రెండవ సీజనులో పెద్దల పర్యవేక్షణలో చిన్న లాట్లు నడపాలి. పెద్ద లాట్ల బాధ్యత ఆ తరువాతనే.

చూపు నిలుపవలసిన తీరు కూడ ఉంది. అర్ధవృత్తాకారంగా నిలిచిన కొనుగోలుదారులను ఎడమ నుండి కుడికి, తిరిగి ఎడమకు తప్పక చూడాలి. ఎప్పుడూ కొనే పెద్ద వ్యాపారి వైపే చూపు నిలిపితే చిన్న వ్యాపారి పాట కంటబడదు. కంటబడని పాట రైతుకు నష్టం, ఆ వ్యాపారికి అవమానం. మరునాడు అతడు రాకపోతే పోటీ ఒక మెట్టు తగ్గినట్లే.

చట్టం ఏమంటుంది?

1930 నాటి సరుకుల విక్రయ చట్టం 64వ సెక్షను వేలానికి సంబంధించిన ముఖ్య నియమాలను తెలుపుతుంది. ప్రతి లాటు ఒక ప్రత్యేక ఒప్పందంగా భావించబడుతుంది. సుత్తి దెబ్బతో గాని, వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గాని వేలందారు ముగింపు ప్రకటించినప్పుడే విక్రయం పూర్తవుతుంది. అంతవరకు పాటదారు తన పాటను ఉపసంహరించుకోవచ్చును. కాబట్టి "మూడోసారి" అన్న మాట కేవలం ఆచారం కాదు. హక్కులు మారే క్షణం అదే. దానిని ఒక్కటిగా, స్పష్టంగా, అందరికీ వినబడేలా పలకాలి. ఆ పిమ్మట ఎవరు ఎంత ఎక్కువ ఇవ్వజూపినా తిరిగి తెరవరాదు.

విక్రేత తరఫున పాట పాడే హక్కు ఉంచుకొన్నట్లయితే ఆ సంగతి ముందుగా ప్రకటించాలి. అలా ప్రకటించని వేలంలో విక్రేత తానుగా గాని, మరొకరి ద్వారా గాని పాడరాదు. తెలిసి వేలందారు అట్టి పాటను స్వీకరించరాదు. ధర పెంచడానికి దొంగపాట పాడించినట్లు తేలితే కొన్నవారు ఆ విక్రయాన్ని రద్దు చేసుకోవచ్చును. కనీస ధర ఉంచుకొనే హక్కును చట్టం గుర్తించింది. ధర గిట్టకపోతే సరుకు ఇవ్వనని చెప్పే అవకాశం రైతుకు ఉండాలి. ఆ సంగతిని పాటకు ముందే వేలందారు అందరికీ తెలియజేయాలి.

ప్రలోభాలు, పరీక్షలు

ప్రతి వేలందారుకూ ఎదురయ్యే కఠిన పరీక్ష వ్యాపారుల కుమ్మక్కు. ఒకరు పాడితే మరొకరు మౌనం వహించడం, లాట్లను ముందే పంచుకొనడం దీని లక్షణాలు. ఒకే నాణ్యత గల సరుకు వరుసగా ఒకే ధర వద్ద ఆగిపోవడం, ప్రతి లాటుకు ఒక్కరే నోరు విప్పడం గమనించినప్పుడు వేలందారు అప్రమత్తుడు కావాలి. ఆ లాటును నిలిపి, మార్కెట్టు అధికారికి తెలియజేయవచ్చును. పెద్ద లాటును చిన్నవిగా విభజిస్తే చిన్న కొనుగోలుదారులు కూడ పోటీకి వస్తారు. పొరుగు మార్కెట్టు ధరను అందరికీ వినబడేలా ప్రకటిస్తే కుమ్మక్కు సడలుతుంది.

రెండవ ప్రలోభం ధర పెంచాలన్న అత్యుత్సాహం. లేని పాటను గాలిలో నుండి సృష్టించి ధర పెంచితే ఆనాటికి రైతు సంతోషించవచ్చు. మోసం బయటపడిన మరునాటి నుండి ఆ యార్డులో ఏ వ్యాపారీ మనస్ఫూర్తిగా పాడడు. ఉత్సవాలలో జరిగే వేలాల తీరు వేరు. హైదరాబాదు సమీపంలోని బాలాపూర్ గణేశుని లడ్డూ 1994లో 450 రూపాయలకు పలికి, 2024లో 30 లక్షల రూపాయలు దాటింది. అక్కడ పాటదారును నడిపేది భక్తి, ప్రతిష్ఠ. యార్డులో కొనేవాడు తిరిగి అమ్ముకొని బ్రతకవలసినవాడు. అతని లెక్క తప్పేలా రెచ్చగొట్టి కొనిపిస్తే, సొమ్ము చెల్లింపులో జాప్యం రూపంలో ఆ భారం మళ్ళీ రైతుపైనే పడుతుంది.

వేలందారు తాను నడిపే వేలంలో తానుగా గాని, బంధువుల పేరిట గాని కొనుగోలు చేయకుండుట మంచి సంప్రదాయం. పాట ముగిసిన వెంటనే ధర, పేరు బిగ్గరగా చదివి చీటీపై వ్రాయించాలి. తూకం, తక్‌పట్టీ ఆ చీటీతో సరిపోవాలి.

బ్యాంకు వేలాలు

రుణం వసూలు కానప్పుడు బ్యాంకులు కూడ హామీ ఆస్తులను వేలం వేయవలసి వస్తుంది. 2002 నాటి సర్‌ఫేసీ చట్టం ప్రకారం స్థిరాస్తిని అమ్మేముందు, ఆమోదించబడిన మదింపుదారుచే విలువ కట్టించి కనీస ధర నిర్ణయించాలి. రుణగ్రహీతకు తగిన గడువుతో నోటీసు ఇవ్వాలి. హెచ్చు పాటదారు 25 శాతం సొమ్మును వెంటనే ధరావతుగా చెల్లించాలి. వ్యవసాయ భూమిపై ఉన్న హామీకి ఈ చట్టం వర్తించదన్న సంగతి రైతు సోదరులు గుర్తుంచుకోవాలి. తాకట్టు బంగారం వేలంలోనైనా, మరే వేలంలోనైనా బాకీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము రుణగ్రహీతకు చెందుతుంది. నోటీసు అందిన వెంటనే శాఖకు వెళ్ళి మాట్లాడితే పలు సందర్భాలలో వేలం వరకు వెళ్ళనవసరం ఉండదు.

యంత్రం వచ్చిన తరువాత

2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెట్టు, అనగా ఈ-నామ్, గొంతు వేలం స్థానంలో కంప్యూటరు వేలాన్ని ప్రవేశపెట్టింది. నిజామాబాదు పసుపు మార్కెట్టు వంటి చోట్ల ఈ పద్ధతి అమలులోకి వచ్చింది. వ్యాపారి తన ధరను ఇతరులకు తెలియకుండ నమోదు చేస్తాడు. నిర్ణీత సమయానికి హెచ్చు ధర వెల్లడవుతుంది. రైతు దానిని అంగీకరించవచ్చు, నిరాకరించవచ్చు. అయినప్పటికీ లాటు సరిగా కూర్చడం, నాణ్యత నమోదు చేయడం, గడువు ముగిసేముందు వ్యాపారులను హెచ్చరించడం, ధరను రైతుకు వివరించడం మనుషులు చేయవలసినవే. మదనపల్లె టమాటా మార్కెట్టు వంటి చోట్ల, నిలువ ఉంచడానికి వీలులేని సరుకుకు గొంతు పాట ప్రాధాన్యం తగ్గలేదు.

రైతు సోదరులకు ఒక మాట

సరుకును బాగా ఎండబెట్టి, రకాలవారీగా వేరుచేసి తీసుకురండి. పాట సమయంలో మీ లాటు వద్దనే ఉండండి. మీకు గిట్టుబాటయ్యే ధర ఎంతో ముందే లెక్క వేసుకోండి. ధర నచ్చనప్పుడు గిడ్డంగిలో నిలువ చేసి, రశీదుపై రుణం పొందే అవకాశం గురించి మీ శాఖలో విచారించండి. తీర్చవలసిన బాకీ తరుముతుండగా అమ్మేవాడి సరుకుకు మంచి ధర రావడం అరుదు.

వేలందారుగా స్థిరపడదలచిన యువకులు త్రాసును ఆదర్శంగా గ్రహించుట మేలు. త్రాసు అమ్మేవాడి పక్షం వహించదు, కొనేవాడి పక్షమూ వహించదు. ఇరువురూ దానిని నమ్ముతారు గనుకనే దానికి యార్డులో స్థానం ఉంది. "మూడోసారి" అని పలికిన పిమ్మట రైతు చీటీ అందుకొని, వ్యాపారి బస్తాలపై తన గుర్తు వేయించి, ఇరువురూ వాదులాట లేకుండ కాటా వైపు నడిచిన రోజున ఆ వేలందారు తన విద్యలో ఉత్తీర్ణుడైనట్లు.